బ్లాంచింగ్: వంటింట్లో, తోటలో, మరికొన్ని చోట్ల ఏది ఎలా చేయాలి

"కాలీఫ్లవర్‌ను బ్లాంచ్ చేయాలి" అన్న వాక్యాన్ని ఇద్దరు చదివారనుకుందాం. వంట చేసేవారు పువ్వును ముక్కలుగా విడదీసి, సలసల మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచి, తీసి చన్నీళ్లలో వేస్తారు. తోటపని చేసేవారు పువ్వు ఇంకా మొక్క మీద ఉండగానే చుట్టూ ఉన్న పెద్ద ఆకులను పైకి మడిచి, ఎండ తగలకుండా దారంతో కట్టి, వారం పది రోజులు ఆగుతారు. ఇద్దరూ చేసింది సరైన పనే. మాట ఒకటే అయినా పనులు రెండు, వాటి వెనక ఉన్న కారణాలూ రెండు. ఈ తేడా తెలియకుండా సూచనలు చదివితే ఎక్కడో ఒకచోట తప్పటడుగు పడుతుంది.

ఈ మాటకు మూలం ఫ్రెంచి భాషలోని "బ్లాంషీర్". దానికి తెల్లబరచడం అని అర్థం. తోటలో ఈ అర్థం అక్షరాలా నిలిచింది, ఎందుకంటే కాడనో ఆకునో పువ్వునో తెల్లగా ఉంచడమే అక్కడి ఉద్దేశం. వంటింట్లో మాత్రం మాట దారి తప్పింది. పొట్టు తీసిన బాదం పప్పు తెల్లబడుతుంది కనుక దానికి ఈ పేరు అతుకుతుంది గాని, అదే పద్ధతిలో వేడినీళ్లలో ముంచి తీసిన పాలకూర మునుపటికంటే పచ్చగా మెరుస్తుంది. తెల్లబరచడం అనే పేరుగల పని పచ్చదనాన్ని పెంచడం వింతగానే కనిపిస్తుంది. అందువల్ల పేరును పట్టుకుని పనిని ఊహించడం కంటే, ఈ పనితో దేన్ని ఆపుతున్నాం లేదా దేన్ని తొలగిస్తున్నాం అని ముందుగా అడగడం మేలు. తోటలో ఆపేది వెలుతురును. వంటింట్లో ఆపేది ఎంజైముల పనిని. ఈ మాట చర్మానికీ నాణేలకూ కూడా వాడతారు; చర్మం విషయంలో ఆగేది రక్తం, నాణేల విషయంలో తొలగేది రాగి. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఎంతసేపు చేయాలి, ఏ పనిముట్లు కావాలి, ఎక్కడ ఆపాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందుగా ఏ అర్థమో తేల్చుకోవడం

సూచనలో చెప్పిన కాలాన్ని చూస్తే చాలావరకు విషయం అర్థమవుతుంది. సెకన్లు, నిమిషాలు అని ఉంటే అది వంటకు సంబంధించినది. రోజులు, వారాలు అని ఉంటే తోటకు సంబంధించినది. వేలితో నొక్కి చూడమంటే అది వైద్య పరీక్ష, ఆమ్లంలో ముంచమంటే లోహపు పని. విత్తనాల పొట్లం మీద "సెల్ఫ్ బ్లాంచింగ్" అని ఉంటే అది వంటకు సంబంధించిన మాట కాదు. ఆ రకం మొక్క తన ఆకులతో తానే నీడ కల్పించుకుని లోపలి భాగాన్ని తెల్లగా ఉంచుకుంటుందని దాని భావం.

ఉచ్చారణ దగ్గరగా ఉండడం వల్ల బ్లాంచింగ్‌నూ బ్లీచింగ్‌నూ ఒకటిగా భావించేవారు ఉంటారు. బ్లీచింగ్‌లో క్లోరిన్ సమ్మేళనాలో హైడ్రోజన్ పెరాక్సైడో రంగు పదార్థాన్ని రసాయనికంగా విరగ్గొడుతుంది. ఈ వ్యాసంలోని ఏ బ్లాంచింగ్‌కూ దానితో సంబంధం లేదు. సముద్రపు వేడి పెరిగినప్పుడు పగడాలు తెల్లబడడాన్ని కూడా బ్లీచింగ్ అనే అంటారు.

వంటింటి బ్లాంచింగ్: ఎందుకు

కోసిన తరువాత కూడా కూరగాయలోని కణాలు వెంటనే చచ్చిపోవు. వాటిలోని ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి. లైపాక్సిజనేజ్ కొవ్వు పదార్థాలను ఆక్సీకరించి ముక్కిన వాసన పుట్టిస్తుంది, పాలీఫినాల్ ఆక్సిడేజ్ కోసిన ముక్కలను గోధుమ రంగుకు తిప్పుతుంది. ఫ్రీజర్‌లో పెడితే ఈ పని మందగిస్తుందే తప్ప ఆగదు. కొన్ని నెలలు నిల్వ ఉంచిన పచ్చి బీన్స్ రంగు వెలిసి, ఎండుగడ్డి వాసన రావడానికి కారణం ఇదే. మరిగే నీటి వేడి ఆ ఎంజైముల నిర్మాణాన్ని చెడగొట్టి వాటిని పనికిరాకుండా చేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. అర్ధాంతరంగా చేసిన బ్లాంచింగ్ అసలు చేయకపోవడం కంటే హాని. వేడి చాలకపోతే కణాల గోడలు చిట్లి, అప్పటిదాకా వేర్వేరు గదుల్లో ఉన్న ఎంజైములూ అవి పని చేసే పదార్థాలూ ఒకదానితో ఒకటి కలుస్తాయి గాని, ఎంజైములు మాత్రం చావవు. దాంతో చెడిపోవడం మరింత వేగవంతం అవుతుంది. మరోవైపు ఎక్కువసేపు ఉంచితే రుచీ, రంగూ, నీటిలో కరిగే సి విటమినూ నీళ్ల పాలవుతాయి. అందుకే ఇక్కడ గడియారం చూడడం తప్పనిసరి. కంటి చూపుతో అంచనా వేయడం సరిపోదు.

వంటింటి బ్లాంచింగ్: దశల వారీగా

మొదటి దశలో కూరగాయలను కడిగి, ఒకే పరిమాణంలో తరగాలి. చిన్నా పెద్దా ముక్కలు కలిసి ఉంటే చిన్నవి మెత్తబడేసరికి పెద్దవాటి నడుమ భాగానికి వేడి చేరి ఉండదు. కాయల్లో లేతవీ ముదురువీ వేరు చేసుకోవడం కూడా ఇప్పుడే.

రెండవ దశలో పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించాలి. అరకిలో కూరగాయకు సుమారు 4 లీటర్ల నీళ్లు కావాలి. ఇది ఎక్కువగా తోచవచ్చు, కాని నీళ్లు తక్కువైతే చల్లని ముక్కలు వేయగానే మరుగు ఆగిపోయి, తిరిగి మరగడానికి చాలాసేపు పడుతుంది. ముక్కలు వేసిన ఒక నిమిషంలోపు నీళ్లు మళ్లీ మరగాలి. మరగకపోతే నీళ్లకు మించిన కూరగాయ వేశారని అర్థం. ఒకేసారి ముగించాలన్న తొందరలో గిన్నె నింపేయడమే ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. రెండు విడతలుగా చేయడం నయం. అవే నీళ్లను తరువాతి విడతకూ వాడుకోవచ్చు, తగ్గిన మేరకు పోసుకుంటే చాలు.

మూడవ దశ కాలాన్ని లెక్కించడం. ముక్కలు వేసిన క్షణం నుంచి కాక, నీళ్లు తిరిగి మరిగిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. పచ్చి బఠాణీ గింజలకు ఒకటిన్నర నిమిషం సరిపోతుంది. పాలకూరకు 2 నిమిషాలు, బీన్స్‌కు 3 నిమిషాలు, రెండున్నర సెంటీమీటర్ల కాలీఫ్లవర్ ముక్కలకు 3 నిమిషాలు పడుతుంది. తరిగిన క్యారెట్ 2 నిమిషాల్లో అవుతుంది గాని, చిన్న క్యారెట్లను తరగకుండా వేస్తే 5 నిమిషాలు ఉంచాలి. లేత చిన్న బెండకాయలకు 3, పెద్దవాటికి 4 నిమిషాలు. మొక్కజొన్న కంకులు ఈ లెక్కలో అన్నిటికంటే మొండివి: చిన్న కంకికి 7, మధ్యరకానికి 9, పెద్దదానికి 11 నిమిషాలు కావాలి. గింజలు ఎప్పుడో ఉడికినా లోపలి బెండుకు వేడి చేరకపోతే, నిల్వలో ఆ బెండు రుచి గింజలకు ఎక్కుతుంది. సముద్రమట్టానికి 1500 మీటర్ల కంటే ఎత్తైన ప్రదేశాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి, అక్కడ ఈ కాలాలకు ఒక నిమిషం కలుపుకోవాలి.

నాలుగవ దశ చల్లార్చడం. చిల్లుల గరిటెతో ముక్కలను తీసి, వెంటనే ఐసు వేసిన నీళ్లలో ముంచాలి. అరకిలో కూరగాయకు దాదాపు అంతే బరువు ఐసు కావాలి. నీళ్ల నుంచి తీసినా ముక్కలోని వేడి దాన్ని ఉడికిస్తూనే ఉంటుంది, కాబట్టి ఈ దశను వదిలేస్తే ముందు లెక్కపెట్టిన నిమిషాలకు అర్థం ఉండదు. ఎంతసేపు వేడినీళ్లలో ఉంచారో సుమారు అంతసేపే చల్లటి నీళ్లలోనూ ఉంచాలి. పూర్తిగా చల్లబడిన తరువాత కూడా నానబెడితే రుచి నీళ్లలోకి పోతుంది.

అయిదవ దశలో నీళ్లు వార్చి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టాలి. ఫ్రీజర్‌లో పెట్టేటట్టయితే పళ్లెంలో ఒకే వరుసగా పరచి గడ్డకట్టించి, ఆ తరువాత గాలి లేకుండా సంచిలో కట్టి, సున్నాకు 18 డిగ్రీల సెల్సియస్ దిగువన నిల్వ చేయాలి. తడితో పెడితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని రాయిలా తయారవుతాయి.

నీళ్లకు బదులు ఆవిరి కూడా వాడవచ్చు. ఆవిరికి సుమారు ఒకటిన్నర రెట్లు సమయం పడుతుంది. నీళ్లలో 3 నిమిషాలు పట్టే బ్రోకలీకి ఆవిరిలో 5 నిమిషాలు. విటమిన్లు తక్కువ పోతాయి కనుక ముక్కలు చేసినవాటికి ఇది మంచి పద్ధతి. ఆకుకూరలు మాత్రం ఆవిరిలో ఒకదానిమీద ఒకటి అట్టలా అంటుకుని మధ్య ఆకులకు వేడి తగలదు, కాబట్టి వాటికి నీళ్లే మేలు. మైక్రోవేవ్‌లో వేడి అన్నిచోట్లా సమంగా పట్టదు. అందుకని నిల్వ కోసం చేసేటప్పుడు దాన్ని నమ్ముకోకూడదు.

ఉల్లిపాయ, క్యాప్సికం వంటివాటిని బ్లాంచింగ్ లేకుండానే ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. బ్లాంచ్ చేసినది పూర్తిగా ఉడికినదీ కాదు, సూక్ష్మజీవులు లేనిదీ కాదు. పై మీది సూక్ష్మజీవులు తగ్గుతాయి గాని బాట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియా బీజాలు మరిగే నీటిని తట్టుకుంటాయి. కాబట్టి బ్లాంచ్ చేసిన కూరగాయలను సీసాలో మూతపెట్టి బయట నిల్వ ఉంచడం ప్రమాదకరం. ఫ్రీజర్ నుంచి తీసినవాటిని కూడా తినే ముందు పూర్తిగా వండాలి.

పచ్చదనం గురించి కొంత

మరిగే నీళ్లలో వేసిన కొన్ని సెకన్లలోనే ఆకు ముదురు పచ్చగా మారడానికి కొత్త రంగు పుట్టడం కారణం కాదు. కణాల మధ్య ఇరుక్కున్న గాలి వెలుతురును చెదరగొట్టి ఆకును మసకగా చూపిస్తూ ఉంటుంది. వేడికి ఆ గాలి బయటికి పోవడంతో పత్రహరితం సూటిగా కనిపిస్తుంది. ఇంకా ఎక్కువసేపు ఉంచితే కణాల్లోని ఆమ్లాలు బయటపడి, పత్రహరితం నడుమ ఉన్న మెగ్నీషియాన్ని తోసేసి, ఆ చోట హైడ్రోజన్‌ను నిలుపుతాయి. అప్పుడు ఏర్పడే ఫియోఫైటిన్ అనే పదార్థానిదే ఆ మట్టిపచ్చ రంగు.

మూత పెట్టాలా వద్దా అన్నది ఎప్పుడూ తెగని వాదన. ఆవిరయ్యే ఆమ్లాలు బయటికి పోవాలని మూత తీసి ఉంచమనేవారు ఒకవైపు, నీళ్లు త్వరగా మరగాలని మూత పెట్టమనేవారు మరొకవైపు ఉన్నారు. నా అంచనాలో రెండు మూడు నిమిషాల పనికి ఆమ్లాల ప్రభావం స్వల్పం, నీళ్లు త్వరగా మరగడమే ముఖ్యం. వంటసోడా వేస్తే పచ్చదనం నిలుస్తుందన్న మాట నిజమే, కాని అది ముక్కను జావగా మార్చి, సి విటమిన్‌నూ థయమిన్‌నూ (బి1 విటమిన్) నాశనం చేస్తుంది. రంగు కోసం అంత మూల్యం చెల్లించనవసరం లేదు.

తొక్క తీయడానికీ మరికొన్నింటికీ

తొక్క తీయడానికి చేసే బ్లాంచింగ్‌లో ఎంజైముల ఊసు లేదు. వేడి తొక్కకూ లోపలి కండకూ మధ్య ఉన్న పట్టును వదిలించడమే పని. టమాటా అడుగున కత్తితో అడ్డంగా నిలువుగా చిన్న గాటు పెట్టి, మరిగే నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ఉంచి, చన్నీళ్లలో వేస్తే గాటు దగ్గర తొక్క విచ్చుకుంటుంది. బాదం పప్పును మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, వార్చి, వేళ్ల మధ్య నొక్కితే పప్పు ఒకవైపుకూ పొట్టు మరోవైపుకూ జారిపోతాయి. నిమిషానికి మించితే పప్పు మెత్తబడి నూరడానికి పనికిరాదు. వేరుశెనగ పరిశ్రమలో అయితే పప్పును పొడిగా వేడి చేసి, రుద్ది పొట్టు ఊడదీయడాన్ని కూడా బ్లాంచింగ్ అనే అంటారు. అందులో నీటి చుక్క ఉండదు.

మాంసం ఎముకలతో సూపు రసం కాచేటప్పుడు పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. ఎముకలను చన్నీళ్లలో వేసి, నెమ్మదిగా మరుగుకు తెచ్చి, ఆ నీళ్లు పారబోసి, ఎముకలు కడిగి, కొత్త నీళ్లలో అసలు వంట మొదలుపెట్టాలి. చన్నీళ్లలో మొదలుపెట్టడం వల్ల రక్తపు మాంసకృత్తులు ముందుగా నీళ్లలోకి కరిగి, వేడెక్కేకొద్దీ నురుగుగా తేలుతాయి. సూటిగా మరిగే నీళ్లలో వేస్తే అవి ఎముకల మీదే గడ్డకట్టి, తరువాత రసాన్ని మడ్డిగా మారుస్తాయి. అధికంగా ఉప్పు పట్టిన మాంసంలోని ఉప్పును దించడానికీ ఇదే పద్ధతి.

బంగాళాదుంప చిప్స్ విషయంలో నీళ్ల స్థానంలో నూనె వస్తుంది. పొడవుగా తరిగిన ముక్కలను ముందుగా 150 నుంచి 160 డిగ్రీల నూనెలో రంగు మారకుండా ఉడికించి, తీసి చల్లార్చి, వడ్డించే ముందు 180 నుంచి 190 డిగ్రీల నూనెలో కరకరలాడేటట్టు వేయిస్తారు. ఆ మొదటి వేపుడునే వృత్తి వంటవారు బ్లాంచింగ్ అంటారు. క్యారెట్, బంగాళాదుంప వంటివి తరువాత ఎంత ఉడికినా విడిపోకుండా ఉండాలంటే మరో కిటుకు ఉంది. వాటిని సుమారు 60 డిగ్రీల నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు ఉంచితే, పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ చురుకై, కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను కాల్షియంతో గట్టిగా కట్టేస్తుంది. ఇతర బ్లాంచింగులు ఎంజైములను చంపడానికి చేస్తే, ఇది ఒక ఎంజైమ్‌ను కావాలని నిద్ర లేపడానికి చేసేది.

తోటలో బ్లాంచింగ్: ఎందుకు

పూల మొక్కల జాతుల్లో పత్రహరితం తయారీలో చివరి మెట్లలో ఒకటి వెలుతురు పడితేనే జరుగుతుంది. వెలుతురు లేకపోతే లేతగా పుట్టే భాగం తెల్లగానో పాలిపోయిన పసుపుగానో ఉండిపోతుంది, నార తగ్గి మెత్తబడుతుంది, చాలా ఆకుకూరల్లో చేదు తగ్గుతుంది. చికోరీ, ఎండైవ్ వంటివి చీకటి లేకుండా పెరిగితే చేదు మింగుడుపడదు. దీనికి చెల్లించే మూల్యం పోషకాలు. పచ్చని ఆకుల్లో ఉండే కెరోటిన్ వంటివి తెల్లని ఆకుల్లో బాగా తక్కువ. అందువల్ల రుచికీ లేతదనానికీ తప్ప, ఆరోగ్యం కోసం తోటలో బ్లాంచింగ్ చేయనవసరం లేదన్నది నా అభిప్రాయం.

వెలుతురు లేని మొక్క ఆహారం తయారు చేసుకోలేదు, నిల్వ ఉన్నదానితోనే బతకాలి. కాబట్టి మొక్క పూర్తిగా ఎదిగి, కోతకు దగ్గరపడిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి. రెండవ నియమం తడికి సంబంధించినది. తడి ఆకులను కట్టి, గాలి ఆడకుండా కప్పితే లోపల కుళ్లు పట్టడం ఖాయం. మధ్యాహ్నం వేళ, ఆకులు పూర్తిగా ఆరిన తరువాత కట్టడం ఉత్తమం.

తోటలో బ్లాంచింగ్: పంటల వారీగా

కాలీఫ్లవర్ పువ్వు 5 నుంచి 7 సెంటీమీటర్ల వెడల్పుకు వచ్చినప్పుడు, బయటి ఆకులను పువ్వు పైకి తెచ్చి, మెత్తని దారంతో వదులుగా కట్టాలి. లోపల గాలి ఆడడానికీ పువ్వు పెరగడానికీ చోటు ఉండాలి. ఎండలు ఎక్కువగా ఉన్నప్పుడు 4, 5 రోజుల్లోనే కోతకు వస్తుంది, చల్లని వాతావరణంలో రెండు వారాలు పట్టవచ్చు. రెండు రోజులకొకసారి విప్పి చూడకపోతే, పువ్వు ముదిరి గింజలు గింజలుగా విడిపోయేదాకా తెలియదు. కట్టకపోతే పువ్వు చెడిపోదు, పసుపు రంగుకు తిరిగి కొంచెం ఘాటెక్కుతుంది, అంతే. ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగు రకాలకు ఈ పని అక్కర్లేదు.

సెలరీ సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు పెరిగినప్పుడు, పక్క పిలకలు తీసేసి, కాడలను దగ్గరగా చేర్చి, చుట్టూ మందపాటి కాగితమో అట్టో చుట్టి కట్టాలి. పై ఆకులు మాత్రం వెలుతురులోనే ఉండాలి. రెండు మూడు వారాల్లో కాడలు తెల్లబడతాయి. కాగితానికి బదులు మట్టి ఎగదోసే పద్ధతిలో కాడల నడుమకు మట్టి చేరుతుంది, దాన్ని కడిగి వదిలించడం విసుగు పుట్టించే పని. సెల్ఫ్ బ్లాంచింగ్ రకాలను వరుసల్లో కాకుండా, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో చతురస్రంగా గుంపుగా నాటితే ఒకదాని నీడ మరొకదాని మీద పడుతుంది.

ఉల్లి జాతికి చెందిన లీక్ మొక్క విషయంలో బ్లాంచింగ్ నాటే రోజునే మొదలవుతుంది. పెన్సిల్ మందం నారును 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంతలో నిలిపి, గుంతను మట్టితో పూడ్చకుండా నీళ్లు మాత్రమే పోయాలి. వానలకూ తడులకూ మట్టి తనంతట తాను కొద్దికొద్దిగా జారి గుంతను నింపుతుంది, కాడ ఆ లోపల తెల్లగా లావెక్కుతుంది. తరువాత మరికొంత మట్టి ఎగదోయవచ్చు గాని, ఆకులు విడిపోయే చోటికి మట్టి చేరకూడదు.

ఎండైవ్‌ను ఎదిగిన తరువాత, పొడిగా ఉన్నప్పుడు, చిల్లు మూసేసిన కుండీని బోర్లించి కప్పితే 10 రోజుల నుంచి 3 వారాల్లో లోపలి ఆకులు తెల్లబడతాయి. తెల్లబడినది ఎక్కువ రోజులు నిలవదు, కాబట్టి వారానికి కావలసినన్ని మాత్రమే కప్పుతూ పోవాలి. చీకటీ తడీ నత్తలకు ఇష్టమైనవి, కుండీ ఎత్తి చూస్తూ ఉండాలి.

చికోరీది రెండు అంకాల వ్యవహారం. మొదటి అంకంలో తోటలో వేరును పెంచుతారు. రెండవ అంకంలో ఆ వేర్లను తవ్వి తీసి, ఆకులను మొదలుకు 2 నుంచి 3 సెంటీమీటర్ల పైన కోసి, వేరును 20 సెంటీమీటర్లకు కుదించి, తడి ఇసుక నింపిన బకెట్లో నిలువుగా పేర్చి, పూర్తి చీకట్లో, 10 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. 3, 4 వారాల్లో వేరు తన నిల్వలతో గట్టిగా చుట్టుకున్న తెల్లని మొగ్గను పుట్టిస్తుంది. చిన్న సందులోంచి వెలుతురు తగిలినా కొన పచ్చబడి చేదెక్కుతుంది. మొదటి నియమంలో చెప్పిన "నిల్వతో బతకడం" అన్నది ఇంత స్పష్టంగా కనిపించే పంట మరొకటి లేదు.

తెల్ల ఆస్పరాగస్ వేరే మొక్క కాదు, పచ్చదాన్నే మట్టి కట్ట లోపల పెంచినది. మొలక కొన మట్టిని చీల్చుకురాబోతున్నప్పుడు కట్ట పైభాగాన సన్నని పగులు కనిపిస్తుంది. ఆ చోట మట్టి తప్పించి, పొడవైన కత్తితో మొదట్లో కోయాలి. ఒక పూట ఆలస్యమైతే కొనకు ఊదా రంగు వస్తుంది. పుల్లని కాడల కోసం పెంచే రూబార్బ్ మొక్కను చలికాలం చివర్లో ఎత్తైన కుండ బోర్లించి కప్పితే, లేత గులాబి రంగు కాడలు ముందుగా ఎదుగుతాయి. దీన్ని ఫోర్సింగ్ అంటారు, అంటే కాలానికి ముందే పెరిగేటట్టు చేయడం. రూబార్బ్ విషయంలో చీకటి, ముందస్తు పంట రెండూ కలిసి వస్తాయి కనుక రెండు మాటలూ కలగలిసిపోయాయి. అలా శ్రమపెట్టిన మొక్కను మరుసటి ఏడు కప్పకుండా వదిలేయాలి. దాని ఆకులు విషపూరితం, కాడలే తినాలి.

బంగాళాదుంపకూ మట్టి ఎగదోస్తారు గదా అన్న ప్రశ్న రావచ్చు. పని అదే, సూత్రమూ అదే, కాని అక్కడ ఉద్దేశం దుంప పచ్చబడి సోలనిన్ అనే విష పదార్థం పెరగకుండా చూడడం. దాన్ని ఎవరూ బ్లాంచింగ్ అనరు.

చర్మం మీద బ్లాంచింగ్

వేలితో నొక్కితే చర్మం పాలిపోయి, వదిలితే తిరిగి రంగు రావడాన్ని వైద్యంలో బ్లాంచింగ్ అంటారు. కేశనాళికల్లోని రక్తం పక్కకు తొలగి, మళ్లీ నిండుతుందన్నమాట. దీన్ని పరీక్షగా చేసేటప్పుడు చేతిని గుండె ఎత్తున ఉంచి, వేలి కొనను 5 సెకన్లు నొక్కి వదలాలి. ఆరోగ్యంగా ఉన్నవారిలో సాధారణంగా 2 సెకన్లలోపు రంగు తిరిగి వస్తుంది. చేతులు చల్లగా ఉంటే ఇంకొంత ఆలస్యం కావడం సహజం.

జ్వరంతో పాటు దద్దురు కనిపించినప్పుడు, పారదర్శకమైన గాజు గ్లాసు పక్కభాగాన్ని దాని మీద గట్టిగా నొక్కి గాజు గుండా చూస్తారు. ఎర్రదనం మాయమైతే రక్తం నాళాల్లోనే ఉంది. మాయం కాకపోతే రక్తం నాళాల బయటికి చిమ్మింది. అది మెదడు పొరలకో రక్తానికో సోకే ప్రాణాంతకమైన మెనింగోకాకల్ వ్యాధికి సూచన కావచ్చు కాబట్టి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యం అందించాలి. మనిషి తీవ్రంగా అస్వస్థతతో ఉంటే దద్దురు కోసమో గ్లాసు పరీక్ష కోసమో ఎదురుచూడడం తప్పు. దద్దురు ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. ముదురు రంగు చర్మం మీద ఈ మార్పు తేలికగా కనిపించదు. అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపలి భాగం చూడాలి. మంచం పట్టినవారిలో ఎముక ఆనే చోట నొక్కినా తెల్లబడని ఎర్రదనం ఒత్తిడి పుండుకు మొదటి దశ. అక్కడ మర్దన చేయకుండా, ఆ చోటి మీద బరువు పడకుండా పక్కకు తిప్పాలి.

చర్మపు పూతల తయారీలో ఇదే లక్షణాన్ని కొలమానంగా వాడుకున్నారు. స్టెరాయిడ్ పూతలు రక్తనాళాలను ముడుచుకునేటట్టు చేసి చర్మాన్ని తెల్లబరుస్తాయి. ఎంత తెల్లబడితే మందు అంత బలమైనదని తేల్చే పరీక్షను మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు 1962లో ప్రచురించారు. పూతల బలాబలాల వర్గీకరణలో ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

చిత్రాలు, నాణేలు

పాత తైలవర్ణ చిత్రాల మీద అక్కడక్కడా తెల్లని మసక పట్టడాన్ని కూడా బ్లాంచింగ్ అంటారు. రంగు పొరలోనో వార్నిష్‌లోనో కంటికి కనిపించనంత చిన్న ఖాళీలు ఏర్పడి వెలుతురును చెదరగొట్టడం దీనికి ఒక ముఖ్య కారణం. ఆకులోని గాలి పచ్చదనాన్ని మసకబార్చడం వంటిదే ఇదీ. ఇది చేయవలసిన పని కాదు, తెలియని ద్రావకంతో తుడిచి కొనితెచ్చుకోకుండా చూసుకోవలసిన నష్టం.

టంకశాలల్లో బ్లాంచింగ్ ఒక ప్రత్యేక దశ. వెండిలో రాగి కలిపి చేసిన బిళ్లలను ముద్ర వేయడానికి ముందు కాల్చితే, పై పొరలోని రాగి గాలితో కలిసి నల్లని ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ బిళ్లలను పలుచని ఆమ్లంలో ముంచితే ఆక్సైడ్ కరిగిపోయి, రాగి తొలగిన పై పొర దాదాపు శుద్ధమైన వెండిగా మిగిలి తెల్లగా మెరుస్తుంది. లోపలి లోహం మాత్రం మునుపటిదే. వెండి పాలు బాగా తగ్గిన నాణేలకు ఈ మెరుగు కొంతకాలమే నిలుస్తుంది. 1540లలో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ తన నాణేల్లో వెండిని మూడో వంతుకు దించినప్పుడు, వాటి మీద రాజు ముఖం ఎదురుగా చూస్తున్నట్టు ముద్రించారు. చేతులు మారేకొద్దీ అన్నిటికంటే ఎత్తుగా ఉన్న ముక్కు దగ్గర వెండి పొర ముందుగా అరిగి, కింది రాగి బయటపడింది. జనం ఆ రాజుకు "ముసలి రాగిముక్కు" అని పేరు పెట్టారు.